గ్రామీణ గృహంలో కుటుంబ హిత పెరటి తోట: నీటి లెక్కతో మొదలయ్యే రూపకల్పన

సారాంశం

గ్రామీణ కుటుంబాలకు పెరటి తోటను సిఫారసు చేసేటప్పుడు పంటల జాబితా, విత్తనాల పొట్లాలు, మడుల సంఖ్య ముందు నిలుస్తాయి. నీరు, పనిచేసే చేతులు, ఇంటిలోని పిల్లలు, వృద్ధులు వెనుకబడతారు. ఫలితంగా వానాకాలంలో పచ్చగా కనిపించిన తోట వేసవి నాటికి ఎండిపోతుంది. ఒక సెంటు పెరటి స్థలాన్ని ఉదాహరణగా తీసుకొని, ఐదుగురు సభ్యులు గల కుటుంబానికి తోటను ఏ క్రమంలో రూపొందించవలెనో ఈ వ్యాసం వివరిస్తుంది. నీటి లభ్యత, ఆహార అవసరం, స్థల విన్యాసం, భద్రత, శ్రమ విభజన అనే ఐదు అంశాలు ఇందులో చర్చించబడినవి.

ఉపోద్ఘాతం

తెలుగు పల్లెల్లో పెరడు లేని ఇల్లు ఒకప్పుడు అరుదు. స్నానపు నీరు పారే చోట అరటి, చేమ. దడి మీద చిక్కుడు, బీర. గుడిసె కప్పు మీద ఆనప, గుమ్మడి. బావి పక్కన కరివేపాకు, నిమ్మ. ఎవరూ కాగితం మీద గీయకపోయినా ఆ అమరికలో స్పష్టమైన ఆలోచన ఉండేది. నీరు పారే చోటే నీరు కోరే మొక్క ఉండేది. తీగకు వేరుగా స్థలం కేటాయించేవారు కాదు. వంటకు రోజూ కావలసినది గుమ్మానికి దగ్గరగా ఉండేది.

నేడు ఆ పెరడు కుదించుకుపోయింది. సిమెంటు వాకిళ్లు, పంచుకున్న వారసత్వ స్థలాలు, చిన్న ఇంటి నివేశనాలు ఇందుకు కారణాలు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2020లో చేపట్టిన ఇళ్ల స్థలాల పంపిణీలో గ్రామీణ లబ్ధిదారులకు నిర్ణయించిన పరిమాణం 1.5 సెంట్లు, అనగా సుమారు 60 చదరపు మీటర్లు. ఉద్యాన పాఠ్యగ్రంథాలు ఐదుగురు గల కుటుంబానికి సూచించే పెరటి తోట విస్తీర్ణం 200 నుండి 250 చదరపు మీటర్లు, అంటే 5 నుండి 6 సెంట్లు. గ్రంథంలోని తోట కుటుంబం నివసించే మొత్తం స్థలం కంటే మూడు నాలుగు రెట్లు పెద్దది. ఈ అంతరాన్ని గుర్తించకుండా చేసే సిఫారసు ఆచరణలో నిలవదు.

మరొకవైపు అవసరం మాత్రం తగ్గలేదు. ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం 15 నుండి 49 సంవత్సరాల వయసు గల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. ఆరు నెలల నుండి ఐదేళ్ల లోపు పిల్లలలో ఇది వరుసగా 63.2 శాతం, 70.0 శాతం. ఆహారంలో ఆకుకూరలు, పండ్లు, పప్పులు తగినంతగా లేకపోవడం దీనికి గల కారణాలలో ఒకటి. పెరటి తోట ఒక్కటే ఈ సమస్యను పరిష్కరించలేదు. అయినా రోజువారీ భోజనంలో ఆకుకూర చేరడానికి ఇంటి వద్దనే ఉన్న మడి కంటే దగ్గరి మార్గం మరొకటి లేదు. కనుక చిన్న స్థలంలో, పరిమిత నీటితో, పనిభారం పెరగకుండా తోటను ఎలా నిలపాలన్నదే విస్తరణ శాస్త్రం ముందున్న ప్రశ్న.

1. మొదట నీటి లెక్క

తోట పరిమాణాన్ని నిర్ణయించవలసినది స్థలం కాదు, మే నెలలో లభించే నీరు. ఈ లెక్క కష్టమైనది కాదు. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరు అంటే సరిగ్గా ఒక లీటరు. మన ప్రాంతపు వేసవిలో కూరగాయల మడి రోజుకు 5 నుండి 7 మిల్లీమీటర్ల నీటిని కోల్పోతుంది. నేలను గడ్డితో గాని, ఎండుటాకులతో గాని కప్పి, మధ్యాహ్నం తర్వాత కొంత నీడ కల్పిస్తే చదరపు మీటరుకు రోజుకు 5 లీటర్లతో నెట్టుకురావచ్చు.

ఇక లభ్యతను చూద్దాం. జల్ జీవన్ మిషన్ ప్రమాణం ప్రకారం గ్రామీణ ప్రాంతంలో ఒక్కొక్కరికి రోజుకు 55 లీటర్ల నీరు అందవలెను. ఐదుగురికి 275 లీటర్లు. ఇందులో దాదాపు మూడింట రెండు వంతులు, అనగా 180 లీటర్ల వరకు, స్నానం, బట్టలు, పాత్రలు కడగడం తర్వాత వాడిన నీరుగా బయటకు వస్తుంది. ఇదంతా ఒకే రకమైన నీరు కాదు. దానిని మూడు తరగతులుగా విభజించడం అవసరం.

మొదటిది బియ్యం, పప్పు, కూరగాయలు కడిగిన నీరు. రోజుకు 15 నుండి 20 లీటర్లు లభిస్తుంది. దీనిని ఏ మడికైనా వాడవచ్చు. రెండవది స్నానపు నీరు. దీనిని ఆకుల మీద పడకుండా తీగల మొదళ్లకు, చెట్ల పాదులకు మాత్రమే మళ్లించాలి. పచ్చిగా తినే కొత్తిమీర, ఉల్లికాడ, టమాట వంటి వాటికి వాడరాదు. మూడవది బట్టలు ఉతికిన సబ్బు నీరు. దీనిలోని సోడియం నేల నిర్మాణాన్ని చెడగొడుతుంది. ముఖ్యంగా నల్లరేగడి నేలల్లో ఈ హాని త్వరగా కనిపిస్తుంది. కాబట్టి దీనిని తోటకు గాక ఇంకుడు గుంతకు పంపడం మేలు. స్నానపు నీటిని కూడా తొట్టిలో నిల్వ ఉంచరాదు. ఒక రోజు దాటితే దుర్వాసన, దోమలు మొదలవుతాయి.

ఈ లెక్కలో తేలే ముఖ్య విషయం ఏమిటంటే, చెట్లు, తీగల అవసరాన్ని స్నానపు నీరు తీర్చగలదు గాని, ఆకుకూర మడులకు మంచినీరు కావలెను. పన్నెండు చదరపు మీటర్ల మడులకు వేసవిలో రోజుకు 60 లీటర్లు అవసరం. కడిగిన నీరు పోను మిగిలినది సుమారు 40 లీటర్లు, అంటే మూడు నాలుగు బిందెలు. ఇంటిలో కుళాయి ఉంటే ఇది చిన్న పని. వీధి కుళాయి నుండి, చేతి పంపు నుండి మోసుకొని రావలసి వస్తే అది ఎవరి నడుము మీద పడే భారమో ముందే అడగాలి. జవాబు చాలా ఇళ్లలో ఒక్కటే: ఇల్లాలు గాని, ఎదిగిన ఆడపిల్ల గాని. రక్తహీనతను తగ్గించడానికి ఉద్దేశించిన తోట రక్తహీనత గల స్త్రీ చేత అదనంగా నీరు మోయించరాదు. అటువంటి ఇంటిలో వేసవికి మడుల విస్తీర్ణాన్ని సగానికి, అనగా ఆరు చదరపు మీటర్లకు, తగ్గించవలెను. అప్పుడు కావలసినది 30 లీటర్లు. కడిగిన నీటితో పాటు ఒక బిందె మంచినీరు చాలును. మిగిలిన సగాన్ని పశువుల ఎరువు చల్లి, ఎండుటాకులతో కప్పి, తొలకరి వరకు వదిలివేయవచ్చు. ఇలా వేసవిలో కుదించుకోవడాన్ని వైఫల్యంగా గాక రూపకల్పనలో భాగంగా మొదటి రోజే కుటుంబానికి వివరించాలి.

2. ఆహార అవసరం: ఆకుకూరకు ప్రథమ స్థానం

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో వెలువరించిన ఆహార మార్గదర్శకాలలో 2000 కిలోక్యాలరీల ఆహారానికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు (ఆకుకూరలతో కలిపి), 100 గ్రాముల పండ్లు సూచించబడినవి. ఐదుగురికి రోజుకు 2 కిలోలు, సంవత్సరానికి సుమారు 730 కిలోల కూరగాయలు అన్నమాట. ఒక చదరపు మీటరు నుండి సంవత్సరంలో మూడు పంటల ద్వారా 5 కిలోల దిగుబడి వచ్చిందనుకున్నా, ఈ మొత్తానికి దాదాపు 150 చదరపు మీటర్ల నికర మడి కావలెను. ఒక సెంటు పెరటిలో ఇది అసాధ్యం.

అందువల్ల ఎంపిక తప్పదు. ఆ ఎంపిక ఆకుకూరల వైపే ఉండాలనడానికి మూడు కారణాలు ఉన్నాయి. ఒకటి, తోటకూర వంటి ఆకుకూర 25 నుండి 30 రోజులలో చదరపు మీటరుకు ఒక కిలో వరకు ఇస్తుంది. ఇంత తక్కువ స్థలంలో, ఇంత త్వరగా చేతికి వచ్చే పంట మరొకటి లేదు. రెండు, కోసిన కొద్ది గంటలకే వాడిపోయే ఆకుకూరను దూరపు సంత నుండి రోజూ తేవడం కష్టం. వంకాయ, దొండకాయ, ఉల్లి కొని నిల్వ చేసుకోవచ్చు. మూడు, కొరతగా ఉన్న పోషకాలు వీటిలోనే ఎక్కువ. భారతీయ ఆహార సంఘటన పట్టికల (2017) ప్రకారం 100 గ్రాముల తోటకూరలోను, మునగాకులోను సుమారు 4.6 మిల్లీగ్రాముల చొప్పున ఇనుము, 300 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉన్నాయి. మునగాకులో బీటా కెరోటిన్ మరింత అధికం.

అయితే ఈ అంకెలను అతిశయోక్తిగా చెప్పరాదు. వయోజన స్త్రీకి రోజుకు సిఫారసు చేయబడిన ఇనుము 29 మిల్లీగ్రాములు. వంద గ్రాముల తోటకూర అందులో ఆరవ వంతు మాత్రమే ఇస్తుంది. మొక్కల నుండి లభించే ఇనుము శరీరానికి పట్టడం కూడా తక్కువ. నిమ్మరసం, టమాట, జామ, ఉసిరి వంటి విటమిన్ ‘సి’ గల పదార్థాలు అదే భోజనంలో ఉంటే శోషణ పెరుగుతుంది. భోజనంతో పాటు టీ తాగితే తగ్గుతుంది. కెరోటిన్ శోషణకు కొద్దిపాటి నూనె అవసరం. కాబట్టి ఆకుకూర పక్కన నిమ్మ, జామ ఉండటం తోటలో అలంకారం కాదు, పోషణలో భాగం. గర్భిణులు, కిశోర బాలికలు వాడుతున్న ఇనుము–ఫోలిక్ ఆమ్లం మాత్రలకు తోట ప్రత్యామ్నాయం కాదనే విషయాన్ని విస్తరణ సిబ్బంది స్పష్టంగా చెప్పాలి. బంగ్లాదేశ్‌తో సహా అనేక దేశాలలో ఇంటి తోటల కార్యక్రమాల మీద జరిగిన సమీక్షలు కూడా ఇదే సూచిస్తున్నాయి. ఆహార వైవిధ్యం, కూరగాయల వినియోగం పెరిగినట్లు ఆధారాలు బలంగా ఉన్నాయి; రక్తహీనత నేరుగా తగ్గినట్లు చూపే ఆధారాలు అంత బలంగా లేవు.

3. ఒక సెంటు పెరటికి నమూనా

ఇంటికి పడమర వైపున, వంటింటి గుమ్మం తెరుచుకునే చోట, తూర్పు–పడమరలుగా 8 మీటర్లు, ఉత్తర–దక్షిణాలుగా 5 మీటర్లు గల స్థలాన్ని తీసుకుందాం. ఇది 40 చదరపు మీటర్లు, ఇంచుమించు ఒక సెంటు. తెలంగాణ లెక్కలో 48 గజాలు.

గుమ్మానికి ఆనుకొని ఉన్న 2 మీటర్ల భాగాన్ని (10 చ.మీ.) ఖాళీగా ఉంచవలెను. కూర తరగడం, పాత్రలు కడగడం, పిల్లల ఆట, వృద్ధులు కూర్చునే అరుగు, తులసి కోట అన్నీ ఇక్కడే. దీనిని వృథా స్థలంగా భావించి మడులు వేసిన చోట కుటుంబం తోటలోకి రావడం తగ్గుతుంది.

చివరి ఒక మీటరు (5 చ.మీ.) చెట్లకు, కంపోస్టుకు. ఇక్కడ ఒక మునగ, ఒక కరివేపాకు, మధ్యలో కంపోస్టు గుంత. పడమటి ఎండను మునగ కొంతవరకు అడ్డగిస్తుంది. దాని నీడ పలుచన గనుక మడులకు హాని లేదు.

మధ్యనున్న 5 మీటర్ల భాగంలో గుమ్మం నుండి నేరుగా 90 సెంటీమీటర్ల వెడల్పు గల బాట వేయాలి. చక్రాల కుర్చీ, ఎరువు తట్టతో నడిచే మనిషి, తాత చేయి పట్టుకున్న పిల్లవాడు సులభంగా వెళ్లగల వెడల్పు ఇది. బాటకు ఇరువైపులా 1.2 మీటర్ల వెడల్పు గల మడులు, వాటి వెనుక 40 సెంటీమీటర్ల కాలిబాట, దడి వెంట 45 సెంటీమీటర్ల తీగల పట్టీ. మనిషి చేయి సౌకర్యంగా చేరే దూరం 60 సెంటీమీటర్లు. అందువల్ల 1.2 మీటర్ల మడికి ఇరువైపుల నుండి కలుపు తీయవచ్చు, మడిలో అడుగు పెట్టనవసరం లేదు. తొక్కని నేల గుల్లగా ఉండి నీటిని బాగా పీల్చుకుంటుంది.

ఈ అమరికలో నికర మడులు 12 చదరపు మీటర్లు, తీగల పట్టీలు 4.5 చదరపు మీటర్లు. మడులను ఒక్కొక్కటి 3 చదరపు మీటర్ల చొప్పున నాలుగుగా విభజించి, మూడింటిలో ఆకుకూరలు, నాలుగవదానిలో వంగ, టమాట, మిరప వంటివి వేయవలెను. మూడు ఆకుకూర మడులు నెలకు సుమారు 9 కిలోలు, అనగా రోజుకు 300 గ్రాములు ఇస్తాయి. దడి మీది బచ్చలి, మునగాకు, గోంగూర దీనికి తోడైతే ఐదుగురికి రోజుకు దాదాపు అర కిలో ఆకుకూర అందుతుంది. మొత్తం కూరగాయల అవసరంలో ఇది నాలుగవ వంతు మాత్రమే అయినా, ఆకుకూర అవసరం దాదాపు పూర్తిగా తీరుతుంది. ఇంత చిన్న తోట నుండి ఆశించదగినది ఇదే.

నీటి లెక్కతో దీనిని సరిచూడవచ్చు. మడులకు 60 లీటర్లు, తీగల పట్టీలకు సుమారు 23 లీటర్లు, రెండు చెట్లకు సగటున 15 లీటర్లు, వెరసి దాదాపు 100 లీటర్లు. ఇందులో తీగలు, చెట్ల వంతు 38 లీటర్లు స్నానపు నీటి నుండి వస్తుంది.

ఎత్తైన తీగలను ఉత్తరపు దడి మీద పెంచాలి. సంవత్సరంలో అధిక కాలం సూర్యుడు దక్షిణంగా వాలి ఉంటాడు గనుక వాటి నీడ మడుల మీద పడదు. పొరుగువారి స్థలంలో పడుతుంది గనుక ముందుగా ఒక మాట చెప్పడం మర్యాద. బీర, చిక్కుడు, కాకర, దొండ ఇక్కడ తగినవి. దక్షిణపు దడి వెంట నడుము ఎత్తు మించని బచ్చలి, గోంగూర, పొన్నగంటి పెట్టవచ్చు. వాస్తును పాటించే కుటుంబాలు ఎత్తైన చెట్లను నైరుతి వైపు, ఖాళీని ఈశాన్యం వైపు కోరతాయి. దీనితో వాదించనవసరం లేదు. పడమటి చెట్టు ఎండ రక్షణకు ఉపయోగమే. దక్షిణం వైపు మాత్రం దట్టమైన నీడనిచ్చే చెట్టుకు బదులు కొమ్మలు కత్తిరించగల మునగనో, కరివేపాకునో సూచిస్తే విశ్వాసం, వ్యవసాయం రెండూ నిలుస్తాయి.

స్నానపు నీరు పారే చోట రెండు మూడు అరటి పిలకలు నాటాలి. ఇంటి ముందు జాగా ఉంటే ఒక జామ, ఒక నిమ్మ. నిమ్మ ముళ్లు పిల్లల ముఖానికి తగిలే ఎత్తులో ఉంటాయి గనుక దారికి దూరంగా నాటవలెను. మరుగుదొడ్డి గుంతల మీద గాని, వాటి అంచున గాని దుంపలు, ఆకుకూరలు వేయరాదు.

4. కాలానుగుణ పంటల క్రమం

ఒక మడి మొత్తాన్ని ఒకేసారి విత్తితే పది రోజులు కూర మిగిలిపోయి, తర్వాత ఇరవై రోజులు ఏమీ ఉండదు. ప్రతి ఆకుకూర మడిని మూడు పట్టీలుగా చేసి, పది రోజుల అంతరంతో విత్తితే కోత నిరంతరంగా సాగుతుంది. పెరటి తోటలో దిగుబడి కంటే ఈ నిరంతరత ముఖ్యం.

జూన్ నుండి సెప్టెంబరు వరకు తోటకూర, గోంగూర, బెండ, వంగ, తీగజాతులు అనుకూలం. అక్టోబరు నుండి జనవరి వరకు పాలకూర, మెంతి, కొత్తిమీర, టమాట, ముల్లంగి, చిక్కుడు. ఫిబ్రవరి నుండి మే వరకు పాలకూర నిలవదు. ఎండను తట్టుకొనే తోటకూర, బచ్చలి, గంగవాయిలి, గోరుచిక్కుడులతో సరిపెట్టుకోవాలి. ఈ నెలల్లో పాత చీర గాని, కొబ్బరి మట్టలు గాని పందిరిగా కట్టి, సాయంత్రం నీరు పెట్టడం మేలు. తీగల పాదుల వద్ద సన్నని రంధ్రం గల మట్టి కుండను పాతి నింపితే నీరు వేర్ల దగ్గరే ఇంకుతుంది.

రకాల ఎంపికలో వీలైనంత వరకు సూటి రకాలకు ప్రాధాన్యమివ్వాలి. తోటకూరలో ఆర్.ఎన్.ఎ–1, వంగలో భాగ్యమతి, శ్యామల, బెండలో అర్క అనామిక, మునగలో పి.కె.ఎం–1 వంటివి ఇందుకు ఉదాహరణలు. వీటి విత్తనాన్ని ఇంటిలోనే కట్టుకోవచ్చు. బెండ, వంగ వంటి వాటిలో చుట్టుపక్కల వేరే రకాలు ఉంటే కొంత పరపరాగ సంపర్కం జరుగుతుందని మాత్రం గుర్తుంచుకోవాలి. ప్రతి మడిలో రెండు మంచి మొక్కలను కోయకుండా విత్తనానికి వదలడం కుటుంబానికి నేర్పితే, మరుసటి సంవత్సరం ఉచిత పొట్లం కోసం ఎదురుచూడనవసరం ఉండదు.

విత్తకుండానే మొలిచే ఆకుకూరలను కలుపుగా పీకివేయరాదు. జహీరాబాద్ ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఇటువంటి సాగు చేయని ఆకుకూరల విలువను ఎంతో కాలంగా చాటుతున్నాయి. గంగవాయిలి, పొన్నగంటి, అడవి తోటకూర వంటివి నీరు కోరకుండానే కూర అవుతాయి. ఏది తినదగినదో ఇంటి పెద్దావిడకు తెలిసినంతగా మన కరపత్రాలకు తెలియదు. ఆ జ్ఞానాన్ని అడిగి నమోదు చేయడం విద్యార్థులకు మంచి అభ్యాసం.

కోతుల బెడద ఉన్న గ్రామాలలో జామ, టమాట, మొక్కజొన్న నిలవడం కష్టం. అక్కడ కాకర, మిరప, నిమ్మ, కంద, చేమ, పసుపు, ఆకుకూరల వైపు మొగ్గడం వివేకం.

5. పిల్లలు, వృద్ధులు, భద్రత

కుటుంబ హితమైన తోటలో ఏమి నాటాలో ఎంత ముఖ్యమో, ఏమి నాటరాదో అంతే ముఖ్యం. గన్నేరు, పచ్చగన్నేరు, ఉమ్మెత్త, అడవి ఆముదం, గురివింద అన్నీ విషపూరితాలు. నమిలిన గురివింద గింజ, పచ్చగన్నేరు గింజ ప్రాణాంతకం కాగలవు. ఆముదం గింజలు కూడా పిల్లలకు అందరానివే. దడికి తరచుగా వాడే అడవి ఆముదం, చెముడు స్థానంలో గోరింట నాటవచ్చు. చెముడు పాలు కంటిలో పడితే తీవ్రమైన బాధ, చూపుకు ముప్పు. పూజకు గన్నేరు తప్పనిసరి అనుకునే ఇంటిలో దానిని ఆటస్థలానికి దూరంగా ఉంచి, పిల్లలకు పేరు పెట్టి చూపించాలి. మునగ మొదలు మీద వానాకాలంలో గుంపుగా చేరే గొంగళి పురుగులు చర్మానికి దురద కలిగిస్తాయి. చెట్టును ఏటా ఒక మీటరు ఎత్తుకు నరికి కొత్త కొమ్మలు రానిస్తే వాటిని గమనించడం, ఆకు కోయడం రెండూ సులభం.

పురుగుమందులు మరింత పెద్ద ప్రమాదం. పొలానికి తెచ్చిన మందును పెరటి వంగ మీద చల్లడం మానిపించాలి. పెరటిలో పురుగులను చేతితో ఏరివేయడం, వేప గింజల కషాయం 5 శాతం, పసుపు రంగు జిగురు అట్టలు సాధారణంగా చాలును. మిగిలిన మందు డబ్బాలను తాళం వేసిన పెట్టెలో, పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. ఖాళీ డబ్బాలో నీరు గాని, నూనె గాని పోయరాదు. ప్రమాదవశాత్తు ఎవరైనా మింగితే బలవంతంగా వాంతి చేయించకుండా, మందు డబ్బాను వెంట తీసుకొని 108 ద్వారా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

నీటి తొట్లకు మూతలు తప్పనిసరి. పసిపిల్లలకు బకెట్టులోని కొద్దిపాటి నీరు కూడా ప్రమాదకరమే. డెంగీని వ్యాపింపజేసే దోమ గుడ్డు నుండి దోమగా మారడానికి వారం పది రోజులు పడుతుంది. కనుక వారానికి ఒకసారి తొట్లు, కుండీల పళ్లేలు పూర్తిగా ఖాళీ చేసి ఆరబెడితే ఆ చక్రం తెగిపోతుంది. కట్టెల మోపులు, ఇటుకల కుప్పలు గుమ్మానికి దగ్గరగా ఉంచరాదు. ఎలుకలు చేరిన చోటికి పాములు వస్తాయి. తీగలను ఇంటి గోడ, కిటికీల మీదికి ఎక్కనీయరాదు. సంజె తర్వాత టార్చి లేకుండా తోటలోకి వెళ్లకపోవడం అలవాటు కావాలి.

పిల్లలకు తమదంటూ ఒక చిన్న మడి ఇవ్వడం మంచిది. మెంతి మూడు నాలుగు రోజులలో మొలుస్తుంది, నెల లోపు కూర అవుతుంది. ముల్లంగిని పీకిన క్షణంలో కలిగే ఆశ్చర్యం ఏ పాఠంలోనూ దొరకదు. తాను పెంచిన కూరను పిల్లవాడు వద్దనడం తక్కువ. మోకాళ్ల నొప్పులు గల పెద్దల కొరకు ఒక మడిలో కొంత భాగాన్ని ఇటుకలతో గాని, నిలువుగా పాతిన తాండూరు, కడప బండలతో గాని 45 నుండి 60 సెంటీమీటర్ల ఎత్తుకు లేపితే అంచున కూర్చొని పని చేయవచ్చు. ఎత్తు మడి త్వరగా ఆరుతుంది గనుక అంతటా అవసరం లేదు. మెట్టు ఉన్న చోట ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున వాలు బాట ఏర్పరచడం ఆమోదిత ప్రమాణం.

పూలను మరువరాదు. మల్లె, కనకాంబరం, చేమంతి ఇంటి ఆడవారి ఇష్టాలు. తెలంగాణలో జూన్–జూలైలో నాటిన బంతి బతుకమ్మ నాటికి చేతికి వస్తుంది. పండుగకు పూలు ఇచ్చిన తోటను ఆ ఇల్లు అంత తేలికగా ఎండనివ్వదు.

6. విస్తరణ పద్ధతి

విత్తనాలు ఇవ్వడానికి ముందు ఆ ఇంటి అరుగు మీద కూర్చొని ఐదు ప్రశ్నలు అడగవలెను. మే నెలలో నీరు ఎక్కడి నుండి వస్తుంది, ఎవరు తెస్తారు? ఉదయం, సాయంత్రం తోటకు అరగంట ఎవరు ఇవ్వగలరు? పిల్లలు, వృద్ధులు ఎందరు, వారి ఇబ్బందులేమిటి? ఇంటిలో ఇష్టంగా తినే ఆకుకూరలేవి? కోళ్లు, మేకలు, కోతులు, ఈ మూడింటిలో ఏ బెడద ఉంది? ఈ జవాబులు లేకుండా గీసిన నమూనా ఎంత అందంగా ఉన్నా అది ఆ ఇంటిది కాదు. జవాబులను ఇంటి యజమానితో పాటు ఇల్లాలి నుండి, వీలైతే అత్తగారి నుండి కూడా వేరుగా తీసుకోవడం అవసరం.

రెండవది పని విభజన. దడి కట్టడం, కంపోస్టు తిరగవేయడం, పందిరి వేయడం పురుషులు చేయదగిన పనులుగా మొదటి రోజే ఒప్పించాలి. అలా కానప్పుడు తోట స్త్రీ పనిగంటలకు చేరిన మరొక పనిగా మిగులుతుంది.

మూడవది మూల్యాంకనం. పంపిణీ చేసిన పొట్లాల సంఖ్య, వానాకాలంలో తీసిన ఛాయాచిత్రాలు విజయానికి కొలమానాలు కావు. మరుసటి సంవత్సరం మే నెలలో తోటను చూడాలి. ఒక్క మడి అయినా పచ్చగా ఉన్నదా? ముందటి రోజు ఇంటిలో ఎవరెవరు ఆకుకూర తిన్నారు? కూర అందరికీ చేరి, వడ్డించిన ఇల్లాలికి మిగిలిందా? విత్తనం కట్టుకున్నారా? ఈ నాలుగు ప్రశ్నలకు అనుకూలమైన జవాబు వచ్చిన చోటే కార్యక్రమం నిలిచినట్లు.

విద్యార్థులు గ్రామీణ అనుభవ శిక్షణలో భాగంగా ఒక ఇంటిలో ఒక రోజు వాడే నీటిని బకెట్లతో కొలిచి, స్థలాన్ని టేపుతో కొలిచి, పైన చెప్పిన పద్ధతిలో లెక్క వేసి, ఆ కుటుంబంతో కలిసి నమూనా గీయవచ్చు. రెండు ఇళ్ల నమూనాలు ఒకే విధంగా వచ్చినట్లయితే ప్రశ్నలు సరిగా అడగలేదని భావించవలెను.

ముగింపు

చిన్న పెరటి తోట కుటుంబపు కూరగాయల అవసరమంతా తీర్చలేదు. తీర్చగలదని చెప్పడం వల్ల నిరాశే మిగులుతుంది. అది తీర్చగలిగినది రోజువారీ ఆకుకూర. పన్నెండు చదరపు మీటర్ల మడులు, రెండు దడులు, రెండు చెట్లు, ఇంటి నుండి బయటకు పోయే నీరు, రోజుకు గంటకు మించని శ్రమ, వేసవిలో సగానికి కుదించుకొనే సంసిద్ధత ఇందుకు చాలును. నీరు, చేతులు, భద్రత, రుచి అనే క్రమంలో ఆలోచించి, చివరగా పంటల జాబితా రాసినప్పుడు ఆ తోట ఆ కుటుంబానిదై మరుసటి వేసవిని కూడా దాటగలుగుతుంది.